పేరు పట్టుకొని చేరడం: ప్రోగ్రామింగ్ ఎడిటర్లలో కీబోర్డు షార్ట్‌కట్‌లు, తెలుగు లిపి సమస్యలు (దిగువ కృష్ణా డెల్టా ఉదాహరణలతో)

వ్యాససంగ్రహం:

ప్రోగ్రామింగ్ ఎడిటర్‌లో కోడ్ మధ్య సంచరించడానికి ఉపయోగపడే కీబోర్డు షార్ట్‌కట్‌లను సాధారణంగా వేగం కోసం నేర్పుతారు. నిజానికి అవి ఒక చోటును దాని దూరంతో కాక దాని పేరుతో, పాత్రతో గుర్తించే పద్ధతికి సాధనాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. పేరు ఆధారంగా సంచరించాలంటే కంటికి ఒకటిగా కనిపించే పేరు యంత్రానికీ ఒకటిగానే ఉండాలి. తెలుగు లిపిలో ఈ షరతు ఎక్కడెక్కడ తప్పుతుందో, దానివల్ల ప్రోగ్రాం రాసే విద్యార్థికీ, డిజిటల్ పాఠాలపై పనిచేసే సాహిత్య పరిశోధకునికీ ఎటువంటి నష్టం కలుగుతుందో మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతపు ఉదాహరణలతో వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: కోడ్ ఎడిటర్, కీబోర్డు షార్ట్‌కట్, నిర్వచనం, యూనికోడ్, ఇన్‌స్క్రిప్ట్, పాఠశోధన, కృష్ణా డెల్టా.

1. ఉపోద్ఘాతం:

ప్రోగ్రాం రాసేవారు రాయడం కంటె చదవడానికే ఎక్కువ కాలం వెచ్చిస్తారు. ఒక వరుసలో కనిపించిన పేరుకు అర్థం మరొక ఫైలులో ఉంటుంది. ఆ అర్థం తెలుసుకోవడానికి అక్కడికి వెళ్లాలి, చదవాలి, మళ్లీ బయలుదేరిన చోటికి రావాలి. ఈ రాకపోకల్లో దారి తప్పిన విద్యార్థి తాను చదువుతున్న విషయాన్నే మరచిపోతాడు. మచిలీపట్నం, గుడివాడ, గుడ్లవల్లేరు ఇంజనీరింగ్ కళాశాలల్లోనూ, ఈ ప్రాంతపు డిగ్రీ కళాశాలల్లోనూ కంప్యూటర్ ప్రయోగశాల గంటలు పరిమితం. ఆ పరిమిత కాలంలో అధికభాగం ఫైలును పైకీ కిందికీ దొర్లించడానికే ఖర్చయితే, తర్కాన్ని గురించి ఆలోచించడానికి మిగిలేది స్వల్పం.

షార్ట్‌కట్‌ల పాఠం అనగానే గోడమీద అతికించే పట్టిక గుర్తుకువస్తుంది. యాభై మీటల కలయికలు ఒక వరుసలో, వాటి ఫలితాలు ఎదురుగా ఉంటాయి. అటువంటి పట్టిక వల్ల ఎవరికైనా పెద్దగా మేలు కలిగిందని ఈ వ్యాసకర్త భావించడం లేదు. మీటలు ఎడిటర్‌ను బట్టి మారతాయి. వాటి వెనుక ఉన్న భావనలు మాత్రం నాలుగు దశాబ్దాలుగా స్థిరంగా ఉన్నాయి. కాబట్టి ముందుగా భావనను పరిశీలించాలి.

2. చోటును చెప్పే రెండు పద్ధతులు:

ఒక చోటును రెండు విధాలుగా చెప్పవచ్చు. మొదటిది దూరం. "ఇక్కడినుంచి ఇరవై వరుసలు కిందికి", "పుట 212లో" అనడం ఈ రకం. రెండవది స్థానం లేక పాత్ర. సాహిత్య పరిశోధకులకు ఈ భేదం కొత్తది కాదు. కవిత్రయ భారతం నుంచి ఒక పద్యాన్ని ఉటంకించేటప్పుడు పర్వం, ఆశ్వాసం, పద్యసంఖ్య చెబుతాం. పుటసంఖ్య ముద్రణ మారితే మారుతుంది. పర్వాశ్వాసాలు గ్రంథనిర్మాణానికి చెందినవి కనుక ఏ ముద్రణలోనైనా పాఠకుడిని ఇంచుమించు అదే చోటికి చేరుస్తాయి. ముద్రణల మధ్య పద్యసంఖ్యలో కొద్ది తేడా వచ్చినా వెతకవలసిన పరిధి చిన్నదే.

డెల్టా రైతుకు కూడా ఈ పద్ధతి బాగా తెలుసు. విజయవాడ ప్రకాశం బ్యారేజీ దగ్గర బయలుదేరే తూర్పు డెల్టా నీరు ఏలూరు, రైవస్, బందరు, కె.ఇ.బి. కాలువలుగా విడిపోతుంది. అక్కడినుంచి శాఖా కాలువలకు, వాటినుంచి తూముల ద్వారా పంటబోదెలకు చేరుతుంది. దివిసీమలో ఒక పొలానికి నీరు అందలేదంటే బ్యారేజీ నుంచి ఎన్ని కిలోమీటర్లని ఎవరూ అడగరు. ఏ కాలువ, ఏ తూము, ఏ బోదె అని అడుగుతారు. సమాధానం తెలిసిన లస్కరు నేరుగా అక్కడికే వెళతాడు.

కోడ్‌లో వరుససంఖ్య పుటసంఖ్య వంటిది. ఫైలు, తరగతి, ప్రమేయం అనే వరుసక్రమం పర్వం, ఆశ్వాసం, పద్యం వంటిది. బాణం మీటలు, మౌస్ చక్రం, పుట దొర్లింపు మీటలు దూరాన్ని కొలుస్తూ కదిలిస్తాయి. మంచి షార్ట్‌కట్‌లు పేరు పట్టుకొని చేరుస్తాయి. వేగం దాని పర్యవసానం మాత్రమే.

3. పూర్వచరిత్ర:

ఈ భావన కొత్త ఎడిటర్లతో రాలేదు. 1976లో బర్క్లీలో బిల్ జాయ్ వీఐ అనే ఎడిటర్‌ను రాసినప్పుడు ఆయన వాడిన ఏడీఎం-3ఏ టెర్మినల్‌కు వేరుగా బాణం మీటలు లేవు. హెచ్, జే, కే, ఎల్ అక్షరాల మీటల మీదనే బాణం గుర్తులు ముద్రించి ఉండేవి. ఎడమకు, కిందికి, పైకి, కుడికి కదలడానికి నేటికీ వీఐ వారసులు ఆ నాలుగు మీటలనే వాడుతున్నారు. ఆ వారసులలో ప్రసిద్ధమైన విమ్‌ను బ్రామ్ మూలెనార్ 1991లో విడుదల చేశాడు.

ఇంతకంటె ముఖ్యమైనది సీట్యాగ్స్. కెన్ ఆర్నాల్డ్ రాసిన ఈ చిన్న ప్రోగ్రాం బర్క్లీ యూనిక్స్‌తోపాటు వచ్చింది. ఇది సీ భాషా ఫైళ్లను చదివి ఏ ప్రమేయం ఏ ఫైలులో, ఎక్కడ నిర్వచితమైందో ఒక అకారాది సూచికగా తయారుచేస్తుంది. కర్సర్‌ను పేరు మీద ఉంచి ఒక మీట నొక్కితే ఎడిటర్ ఆ సూచిక చూసి నిర్వచనం దగ్గరికి తీసుకుపోతుంది. మన పదసూచికలు, పద్యానుక్రమణికలు చేసే పని ఇదే. సీట్యాగ్స్ సూచికకు మాత్రం సందర్భజ్ఞానం తక్కువ. ఒకే పేరు రెండు చోట్ల రెండు అర్థాలలో ఉంటే తేడా గ్రహించలేదు. భాష వ్యాకరణం తెలిసిన విశ్లేషక ప్రోగ్రాం ఎడిటర్‌తో సంభాషించే విధానాన్ని మైక్రోసాఫ్ట్ 2016లో లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్ పేరుతో ప్రకటించింది. అప్పటినుంచి ఒక భాషకు ఒకసారి విశ్లేషకం రాస్తే దానిని అనేక ఎడిటర్లు వాడుకోగలుగుతున్నాయి.

4. ఒక చిన్న ప్రోగ్రాంపై పరిశీలన:

కాలువ నీటిమట్టాలను రోజూ నమోదు చేసి నివేదిక ఇచ్చే ఒక పైథాన్ ప్రోగ్రాంను ఊహిద్దాం. పైథాన్ మూడవ తరం యూనికోడ్ పేర్లను అంగీకరిస్తుంది కనుక పేర్లన్నీ తెలుగులోనే ఉన్నాయనుకుందాం. ఇందులో మూడు ఫైళ్లున్నాయి. "నమోదు" ఫైలులో మట్టం అనే ప్రమేయం ఉంది. అది లాకు పేరు తీసుకొని అక్కడి నీటిమట్టాన్ని అడుగులలో ఇస్తుంది. "లాకు" ఫైలు ఆ ప్రమేయాన్ని పిలుస్తుంది. "నివేదిక" ఫైలు కూడా పిలుస్తుంది, కాని వచ్చిన అంకె పక్కన "మీటర్లు" అని ముద్రిస్తుంది. లోపం ఇదే. ఆరడుగుల నీరు ఆరు మీటర్లుగా కాగితం మీదికి ఎక్కుతుంది. ఇటువంటి లోపం ప్రోగ్రాంను ఆపదు, హెచ్చరిక కూడా ఇవ్వదు. చదివి పట్టుకోవలసిందే.

దూరపద్ధతిలో విద్యార్థి నివేదిక ఫైలులో అనుమానం వచ్చిన వరుస చూసి, "నమోదు" ఫైలు తెరచి, మట్టం కోసం పైనుంచి కిందికి దొర్లిస్తాడు. కొంచెం తెలిసినవాడైతే వెతుకుపెట్టెలో "మట్టం" అని కొడతాడు. అప్పుడు "కనిష్ఠమట్టం" అనే మరో పేరు, "ఇక్కడ మట్టం చూపాలి" అనే వ్యాఖ్య, తెరమీద ముద్రించవలసిన "నీటిమట్టం" అనే మాట, అన్నీ కలిసి వస్తాయి. వెతుకులాటకు అక్షరాల వరుస మాత్రమే తెలుసు. ఏది ప్రమేయం, ఏది వ్యాఖ్య అన్నది తెలియదు.

పేరుపద్ధతిలో అతడు నివేదిక ఫైలులో మట్టం మీద కర్సర్ ఉంచి ఎఫ్12 నొక్కుతాడు. ఇది విజువల్ స్టూడియో కోడ్‌లోని మీట. ఇంటెల్లిజేలో కంట్రోల్+బీ, ఎక్లిప్స్‌లో ఎఫ్3. కర్సర్ నిర్వచనం దగ్గర వాలుతుంది. అడుగులలో ఇస్తున్నట్లు అక్కడ తెలుస్తుంది. ఇప్పుడు రెండో ప్రశ్న వస్తుంది: ఈ ప్రమేయాన్ని ఇంకెవరు వాడుతున్నారు? వారు అడుగులనే ఆశిస్తున్నారా? షిఫ్ట్+ఎఫ్12 నొక్కితే నిజమైన వాడుకలు మాత్రమే ఒక జాబితాగా వస్తాయి. వ్యాఖ్యలు, ముద్రణమాటలు రావు, కనిష్ఠమట్టమూ రాదు. లాకు ఫైలు అడుగులతోనే లెక్కలు చేస్తున్నదని ఆ జాబితా చూపిస్తుంది. కాబట్టి ప్రమేయాన్ని మీటర్లకు మార్చకూడదు, నివేదికను సవరించాలి. ఈ నిర్ణయం వాడుకల జాబితా చూడకుండా తీసుకున్నవాడు ఒక లోపాన్ని సరిచేస్తూ మరొక లోపాన్ని తెచ్చిపెడతాడు.

తరువాత ఆల్ట్+ఎడమబాణం. బయలుదేరిన చోటికి ఇది వెనక్కు తెస్తుంది. లినక్స్‌లో ఇదే పనికి మరో కలయిక ఉంది, విమ్‌లో కంట్రోల్+ఓ. షార్ట్‌కట్‌లలో మొట్టమొదట నేర్పవలసినది ఇదేనని ఈ వ్యాసకర్త అభిప్రాయం. తిరిగి వచ్చే దారి ఉందన్న నమ్మకం లేనివాడు ఎఫ్12 నొక్కడానికే జంకుతాడు. నొక్కినా తెరమీద కొత్త ఫైలు చూసి కంగారుపడి, అన్నీ మూసి మొదటినుంచి మొదలుపెడతాడు. మౌస్ వదలకపోవడానికి ప్రయోగశాలల్లో కనిపించే కారణాల్లో ఈ భయానిదే పెద్దపాలు.

మిగిలినవి త్వరగా చెప్పుకోవచ్చు. కంట్రోల్+పీ ఫైలును పేరుతో తెరుస్తుంది. కంట్రోల్+షిఫ్ట్+ఓ ఆ ఫైలులోని ప్రమేయాల విషయసూచిక చూపుతుంది. కంట్రోల్+టీ అదే పనిని మొత్తం ప్రాజెక్టులో చేస్తుంది. ఎఫ్8 తరువాతి లోపం దగ్గరికి తీసుకుపోతుంది. కంట్రోల్+జీ వరుససంఖ్యను అడుగుతుంది. ఇది దూరపద్ధతికి చెందినదే అయినా దోషసందేశాలు వరుససంఖ్యలతో వస్తాయి కనుక తప్పదు. ఎఫ్2 ఒక పేరును దాని వాడుకలన్నింటిలో ఒకేసారి మారుస్తుంది. దీనిని సంచారమనలేము గాని, వాడుకల జాబితా సరిగా ఉన్నప్పుడే ఈ మార్పు సరిగా ఉంటుంది. దృష్టిలోపం ఉండి తెరపాఠకంతో పనిచేసే విద్యార్థికి ఇవన్నీ సౌకర్యాలు కావు. ఫైలులోకి ఉన్న ఏకైక దారి.

5. తెలుగు లిపి దగ్గర:

పై ప్రోగ్రాంలో పేర్లను తెలుగులో ఉంచడం వివరణ కోసం మాత్రమే కాదు. పేరుపద్ధతి ఎక్కడ బలహీనపడుతుందో తెలుగు పేర్లు స్పష్టంగా చూపిస్తాయి.

5.1 మీటల దగ్గర:

ఇన్‌స్క్రిప్ట్ భారతీయ భాషలకు ప్రామాణికమైన కీబోర్డు అమరిక. ఇందులో వీఐ వాడే హెచ్, జే, కే, ఎల్ మీటలు వరుసగా ప, ర, క, త అవుతాయి. తెలుగులో ఒక వ్యాఖ్య రాసి, అమరిక మార్చడం మరచి, విమ్‌లో కిందికి దిగాలని జే నొక్కితే ఎడిటర్‌కు "ర" అందుతుంది. దానికి ఆ ఆజ్ఞ తెలియదు. కంట్రోల్, ఆల్ట్‌లతో కూడిన కలయికలకు చాలాచోట్ల ఈ ఇబ్బంది లేదు. ఒంటి అక్షరమే ఆజ్ఞగా ఉన్న ఎడిటర్లకు మాత్రం తప్పదు. అసలు చిక్కు విరామచిహ్నాలది. సెమికోలన్ మీట మీద చ, దాని పక్కన ఉల్లేఖన చిహ్నం మీద ట, చతురస్ర కుండలీకరణం మీద డ కూర్చున్నాయి. ప్రోగ్రాంకు ఇవి లేనిదే వరుస ముగియదు. కాబట్టి తెలుగులో పేర్లు పెట్టేవారు ప్రతి వరుసలో రెండు మూడుసార్లు అమరిక మార్చాలి.

ఈ సమస్యకు పాత ఎడిటర్లే మంచి పరిష్కారం చూపించాయి. ఈమాక్స్ తెలుగు ఇన్‌పుట్ పద్ధతులను తనలోనే ఉంచుకుంది. కంట్రోల్+బ్యాక్‌స్లాష్‌తో వాటిని మార్చుకోవచ్చు. అవి రాసే పాఠానికే వర్తిస్తాయి, ఆజ్ఞలకు వర్తించవు. విమ్‌లోని కీమ్యాప్ సౌకర్యం కూడా ఇటువంటిదే. రాసే స్థితిలో మాత్రమే అక్షరాలను మారుస్తుంది. ఆపరేటింగ్ సిస్టమ్ మొత్తానికి అమరిక మార్చడం కంటె ఎడిటర్ లోపలే మార్చడం మేలన్నది ఇందులోని సూత్రం.

5.2 కర్సర్ దగ్గర:

నీటిమట్టం అనే మాటలో కంటికి కనిపించేవి నీ, టి, మ, ట్టం అనే నాలుగు అక్షరాలు. యూనికోడ్‌లో ఇవి తొమ్మిది సంకేతాలు. గుణింత చిహ్నాలు రెండు, పొల్లు, సున్న వేర్వేరుగా లెక్కకు వస్తాయి. యూటీఎఫ్-8లో నిల్వచేస్తే ఇరవైయేడు బైట్లు. దోషసందేశం "ఈ వరుసలో 23వ స్థానం" అన్నప్పుడు ఆ 23 ఈ మూడింటిలో దేని లెక్కో పరికరాన్ని బట్టి మారుతుంది. కంటితో లెక్కించిన విద్యార్థికి అది ఎప్పుడూ తప్పుచోటుగానే కనిపిస్తుంది.

కుడిబాణం ఒకసారి నొక్కితే కర్సర్ ఎంత కదలాలి? అక్షరమంతా దాటాలని తెలుగువారు ఆశిస్తారు. స్త్రీ అనేది మనకు ఒకే అక్షరం. యూనికోడ్ అక్షరవిభజన నియమాలు చాలాకాలం దానిని పొల్లు తరువాత విడదీస్తూ మూడు ముక్కలుగా చూశాయి. 2023లో వచ్చిన 15.1 సంచిక తెలుగుతోసహా కొన్ని భారతీయ లిపులలో సంయుక్తాక్షరాన్ని విడదీయరాదనే నియమాన్ని చేర్చింది. దీనిని అన్ని ఎడిటర్లూ ఇంకా అమలుచేయలేదు. ఒకే ఫైలులో ఒక ఎడిటర్‌లో ఒక అడుగు, మరొక దానిలో మూడడుగులు పడటానికి కారణం ఇది. తెలుగు పాఠంలో ఒక్కొక్క అక్షరం చొప్పున నడవడం కంటె కంట్రోల్+బాణంతో పదం చొప్పున నడవడం నమ్మదగినది. పదాల మధ్య ఖాళీ దగ్గర ఏ వివాదమూ లేదు.

5.3 కనిపించని భేదాలు:

మట్టం, మట్ట౦. ఈ రెండు మాటలూ చదువరికి ఒకటిగానే కనిపిస్తాయి. మొదటిదాని చివర పూర్ణానుస్వారం ఉంది. రెండవదాని చివర ఉన్నది తెలుగు అంకె సున్న. పైథాన్‌కు ఇవి రెండు వేర్వేరు పేర్లు, రెండూ చెల్లుబాటయ్యేవే. ఒకచోట అనుస్వారంతో నిర్వచించి మరొకచోట అంకెతో పిలిస్తే నిర్వచనం లేదని దోషం వస్తుంది. ఎఫ్12 ఎక్కడికీ తీసుకుపోదు. విద్యార్థి ఎన్నిసార్లు చూసినా రెండూ ఒకటే. ఎంత చదివినా పట్టుబడని లోపం ఇది. అయితే షార్ట్‌కట్ పనిచేయకపోవడమే ఇక్కడ ఆచూకీ. నిర్వచనం మీద షిఫ్ట్+ఎఫ్12 నొక్కినప్పుడు ఈ వాడుక జాబితాలో లేదంటే పేరే వేరని గ్రహించాలి.

రెండవది కలపని గుర్తు. "గేజ్‌రీడింగ్" అన్న మాటలో జకారపు పొల్లు తరువాత రకారం ఒత్తుగా మారకుండా ఒక అదృశ్య సంకేతాన్ని ఉంచుతాం. పైథాన్ పేర్లలో ఈ సంకేతాన్ని అనుమతించదు. జావాస్క్రిప్ట్ అనుమతిస్తుంది. పైథాన్‌లో అడ్డగీత పెట్టి గేజ్_రీడింగ్ అనక తప్పదు. మామూలు పాఠంలో మరింత ఇబ్బంది ఉంది. పదాంతంలో పొల్లు వచ్చినప్పుడు కొన్ని టైపింగ్ పరికరాలు ఈ సంకేతాన్ని చేరుస్తాయి, కొన్ని చేర్చవు. "గేజ్" అన్న మాటే రెండు రూపాలలో నిల్వ ఉంటుంది. ఒకదానిని పూర్తిపదంగా వెతికితే రెండవది తప్పిపోవచ్చు. ఐత్వాన్ని ఒకే సంకేతంగా గాని, ఎత్వం, దాని కింది గుర్తు అనే రెండు సంకేతాలుగా గాని రాయగలగడం కూడా ఇటువంటిదే. పైథాన్ పేర్లలో ఈ రెండింటినీ ఒకటిగా చూస్తుంది. సాధారణ వెతుకులాట చూడకపోవచ్చు.

మూడవది పదాల గుర్తింపు. పైథాన్‌లోని సాధారణ నమూనా వెతుకులాటలో "పదాక్షరం" అనే గుర్తు ఉంది. ఇది హల్లులను, అచ్చులను అంగీకరిస్తుంది. గుణింతాలను, పొల్లును, సున్నను అంగీకరించదు. నీటిమట్టం అనే మాటను దీనితో విడదీస్తే న, ట, మట, ట అనే నాలుగు తునకలు వస్తాయి. ఒక కావ్యంలోని పదాల పౌనఃపున్యాన్ని ఈ పద్ధతిలో లెక్కించిన పట్టిక చూడటానికి శాస్త్రీయంగానే ఉంటుంది. గుణింతం, పొల్లు, సున్న ఉన్న ఒక్క తెలుగు పదమూ అందులో సరిగా ఉండదు.

6. పాఠపరిశోధకునికి:

ఇంతవరకు చెప్పినది కంప్యూటర్ శాఖకు మాత్రమే పరిమితమని తెలుగు శాఖవారు భావించనక్కరలేదు. ఒక గ్రంథపు డిజిటల్ పాఠాన్ని ఎడిటర్‌లో తెరచి, ఒక పదం కోసం వెతికి, "ఈ ప్రయోగం ఈ గ్రంథంలో లేదు" అని రాసే వ్యాసాలు పెరుగుతున్నాయి. "లేదు" అన్న మాట చాలా బరువైనది. దివిసీమలోని పెదకళ్లేపల్లిలో పుట్టిన వేటూరి ప్రభాకరశాస్త్రి (1888–1950) వంటి పరిష్కర్తలు ఆ మాట అనడానికి తాళపత్రాలు ఒకదాని తరువాత ఒకటి చదవవలసి వచ్చేది. ఇప్పుడు కంట్రోల్+ఎఫ్ అర సెకనులో ఆ మాట అనేస్తుంది. అది అన్నది నిజమా కాదా అన్నది పైన చూసిన అదృశ్యభేదాల మీద ఆధారపడి ఉంటుంది.

స్థానిక ఉదాహరణగా మచిలీపట్నం అన్న పేరునే తీసుకోవచ్చు. 1902లో ఈ పట్టణంలోనే మొదలైన కృష్ణాపత్రిక వంటి పత్రికల పాత సంచికలను డిజిటల్ పాఠంగా మార్చి, అందులో ఊరి ప్రస్తావనలు ఏరాలనుకుందాం. "మచిలీపట్నం" అని వెతికితే దొరికేవి కొన్నే. మచిలీపట్టణము, మచిలీబందరు, ఒట్టి బందరు ఈ వెతుకులాటకు చిక్కవు. ఇవి వేర్వేరు పదాలు కనుక పరిశోధకుడు ముందుగానే ఊహించగలడు. ఊహకు అందనిది విభక్తి. మచిలీపట్నానికి, మచిలీపట్నపు అన్న రూపాలలో చివరి సున్న లేదు. కాబట్టి సున్నతో వెతికినవాడికి షష్ఠీ చతుర్థులు తప్పిపోతాయి. గుడివాడకు ఈ చిక్కు రాదు. గుడివాడలో, గుడివాడకు, గుడివాడనుంచి అన్నీ ఆ పేరును యథాతథంగా నిలుపుకుంటాయి. ఒకే పద్ధతిలో వెతికి రెండు ఊళ్ల ప్రస్తావనలను పోల్చితే గుడివాడ లేనిపోని ప్రాధాన్యం పొందుతుంది. సున్న తొలగించి "మచిలీపట్న" అని వెతకడం దీనికి పాక్షిక పరిష్కారం. అంకెసున్నతో ముగిసిన రూపాలు కూడా అప్పుడే బయటపడతాయి. ముద్రితపుటలను యంత్రంతో చదివించి తయారుచేసిన పాఠాల్లో ఇటువంటి సున్నలు తరచుగా కనిపిస్తాయి.

కోడ్‌లో ఎఫ్12 ఇచ్చే భరోసా మామూలు పాఠంలో ఉండదు. అక్కడ పేరుకూ నిర్వచనానికీ మధ్య బంధాన్ని భాష నియమాలే నిర్ణయిస్తాయి. ఇక్కడ ఆ బంధాన్ని పరిశోధకుడే నిర్మించాలి. బందరు, మచిలీపట్నం, మచిలీపట్టణము ఒక్క ఊరేనని ఒక సూచికలో ముందుగా రాసిపెట్టుకోవాలి. ప్రతి పర్వానికీ, ఆశ్వాసానికీ ఒక శీర్షికగుర్తు పెడితే కంట్రోల్+షిఫ్ట్+ఓ గ్రంథానికి విషయసూచికగా పనిచేస్తుంది. మార్క్‌డౌన్ అనే సరళమైన పద్ధతిలో వరుస మొదట ఒక హ్యాష్ గుర్తు పెట్టడమే దీనికి చాలు.

7. బోధన గురించి:

కంప్యూటర్లు రాకముందు మచిలీపట్నం, గుడివాడ వంటి పట్టణాల్లో టైపు ఇన్‌స్టిట్యూట్‌లలో లోయర్, హయ్యర్ పరీక్షలకు సాధన చేసినవారికి చేతివేళ్లు మధ్యవరుస మీటల మీదనే ఉండాలన్నది తొలిపాఠం. చూపు కాగితం మీద, వేళ్లు మీటల మీద. ఆ అలవాటు ఉన్న గుమాస్తాకు వీఐ ఎడిటర్ ఎందుకు అలా ఉందో వివరించనక్కరలేదు. చెయ్యి మధ్యవరుస వదలకుండా ఉండటమే దాని ఉద్దేశం. నేటి విద్యార్థికి టచ్‌స్క్రీన్ మీద రెండు బొటనవేళ్ల అలవాటే ఎక్కువ. కాబట్టి షార్ట్‌కట్‌లకు ముందు కనీసం పది గంటల టైపు సాధన ఉండాలని ఈ వ్యాసకర్త సూచన. పాఠ్యప్రణాళికలో దీనికి చోటు లేదన్న అభ్యంతరం నిజమే. అయినా మొదటి సంవత్సరం ప్రయోగశాలలో ప్రతి తరగతి మొదట పదిహేను నిమిషాలు కేటాయించడం సాధ్యమే.

తరువాత ఒకేసారి అన్నీ కాకుండా ఒక క్రమంలో నేర్పాలి. వెనక్కు రావడం, నిర్వచనానికి వెళ్లడం, వాడుకలు చూడటం. మొదటి నెల ఈ మూడు చాలు. ఇతరులు రాసిన, కనీసం ఐదారు ఫైళ్లున్న ప్రోగ్రాం ఇచ్చి అందులో ఒక లోపాన్ని కనిపెట్టమనాలి. ఒక్క ఫైలులో ఇరవై వరుసల ప్రోగ్రాం ఇచ్చి షార్ట్‌కట్‌లు నేర్పడం వృథా. అక్కడ దొర్లించడమే సులభం, విద్యార్థి అలా అనుకోవడంలో తప్పులేదు. ఒక తరగతికి మౌస్‌ను పక్కన పెట్టించే పద్ధతి కొన్నిచోట్ల ఉంది. చేతివేళ్ల కదలికలో ఇబ్బంది ఉన్నవారిని దానినుంచి మినహాయించాలి.

తెలుగు పేర్లతో ప్రోగ్రాం రాయించాలా అన్న ప్రశ్న మిగిలింది. తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారికి మొదటి వారాల్లో నీటిమట్టం, లాకు వంటి పేర్లు తర్కాన్ని చేరువ చేస్తాయి. ఆ మేరకు వాటిని ప్రోత్సహించవచ్చు. పదిమంది కలిసి పనిచేసే ప్రాజెక్టులో మాత్రం అమరిక మార్పుల శ్రమ, అంకెసున్న ప్రమాదం ఆ లాభాన్ని మించిపోతాయి. అక్కడ ప్రమేయాల పేర్లు రోమన్ లిపిలోనూ, వ్యాఖ్యలూ దత్తాంశమూ తెలుగులోనూ ఉంచడం ప్రస్తుతానికి ఆచరణీయం. దత్తాంశంలోకి వచ్చే ప్రతి ఊరి పేరునూ, ప్రతి కాలువ పేరునూ నమోదు దశలోనే ఒక ప్రమేయం చేత శుభ్రపరిపించాలి. అది పదం చివరి అంకెసున్నను అనుస్వారంగా మార్చాలి, పదాంతంలోని అదృశ్య సంకేతాన్ని తొలగించాలి, ఐత్వాన్ని ఏకరూపం చేయాలి. ఈ ప్రమేయం పది వరుసలు మించదు. దానిని రాయడం మొదటి సంవత్సరం విద్యార్థికి ఒక మంచి అభ్యాసం.